అక్క ప్రయాణాలు, నా ఎదురు

మా అక్క పోయిందని బావగారి దగ్గర్నుంచి ఫోను వచ్చేసరికి నేను పెనం మీద దోసె తిరగేస్తున్నాను. ఆయాసంగా ఉందంటే ముందురోజు సాయంత్రం గుంటూరు ఆసుపత్రిలో చేర్పించారు. పొద్దున్నే లేచి కాఫీ అడిగిందట, తెచ్చేలోపలే ప్రాణం పోయిందట. దోసె మాడిపోయింది. స్టవ్వు కట్టేసి గట్టును ఆనుకుని నిలబడ్డాను. ఏడుపు రావడానికి ముందు నాకు వచ్చిన ఆలోచన చెబితే మీరు నన్ను మనిషి కింద జమకట్టరు. పసుపుకుంకాలతో పోయింది, అది కూడా ఆవిడకే దక్కింది, అనుకున్నాను.

అక్క అంటే తోడబుట్టినది కాదు. నా తోడికోడలు, మావారి అన్నగారి భార్య. తెనాలిలో ఒకే ప్రహరీ లోపల రెండు వాటాలు మావి, మధ్యలో ఉమ్మడి పంపు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి మొన్నమొన్నటి దాకా ఆవిడను చూసి కుళ్ళుకోని రోజు లేదు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. రాస్తాను, రాయకుండా ఎక్కడికి పోతాను? కాకపోతే ఆవిడలో మంచి అనేది నేను ఎప్పుడు చూసినా కుళ్ళుకుంటూనే చూశాను. అలాగే చెప్పగలను తప్ప ఇంకోలా నాకు చేతకాదు.

ఆ రోజు మధ్యాహ్నానికి మా ఇంటి ముందు చెప్పులు విడవడానికి చోటు లేదు. బంధువులు రావడం సరే. బాపట్ల స్టేషను దగ్గర ఆటో తోలే అతను వచ్చాడు. రేపల్లెలో ఇడ్లీ బండి పెట్టుకున్న ఆవిడ బండి కట్టేసి వచ్చింది. భట్టిప్రోలు నుంచి ఒక పెద్దాయన, అక్క పేరు కూడా తెలియదు ఆయనకు, "నవ్వుతా వచ్చే అమ్మగారి ఇల్లు" అని వీధి వీధీ అడుగుతూ కనుక్కుని వచ్చాడు. నేను పోతే పాలవాడు వస్తాడేమో, అదీ రేపటి నుంచి ప్యాకెట్లు వెయ్యాలా వద్దా అని అడగడానికి. వీధిలో ముత్తైదువలు వరసగా వచ్చి అక్క నుదుట కుంకుమ పెట్టి, అదే కుంకుమ తీసి తమ పుస్తెలకు అద్దుకున్నారు. మావారు పోయి కొన్నేళ్ళయింది కాబట్టి నాకు ఆ పని లేదు. గోడవారగా కూర్చుని చూస్తూ ఉండిపోయాను.

ఇంతమందిని ఆవిడ ఎట్లా సంపాదించిందంటే, తిరిగి సంపాదించింది. కాశీ, రామేశ్వరం కాదు. పొద్దున్న బయల్దేరి దీపాలవేళకు ఇంట్లో ఉండాలన్నది ఆవిడ పెట్టుకున్న కట్టడి. రాత్రి పడుకోవాల్సి వచ్చిందంటే అది ఊరు చూడ్డం కాదు, చుట్టపుచూపు అనేది. నెలకో రెండు నెలలకో ఒకసారి పంపు దగ్గర నిలబడి ప్రకటించేది. ఈసారి బాపట్ల, సూర్యలంక సముద్రం. ఈసారి రేపల్లె, అక్కణ్ణుంచి పెనుమూడి వెళ్ళి కృష్ణ చూద్దాం. ఈసారి భట్టిప్రోలు, బుద్ధుడి కాలం నాటి ఇటుకలట. నిజాంపట్నంలో పడవలు ఒడ్డుకు వచ్చే వేళకు వెళ్ళి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మరీ చూసొచ్చారు ఒకసారి. వడ్లమూడిలో కాలేజీ పెట్టారంటే, మన పిల్లలకు అందులో చదివే రాత ఉందో లేదో గాని చెట్లన్నా చూసొద్దాం పదండి అని దానికీ బయల్దేరదీసింది. పక్కనున్నది చూడనివాళ్ళకి కాశీ వెళ్తే మాత్రం ఏం కనపడుద్ది అనేది.

వీధిలో ఆడవాళ్ళు ఆవిడ మాట కోసం కాచుక్కూర్చునేవారు. ఒక గిన్నెలో పులిహోర, ఇంకోదాంట్లో గోంగూర కలిపిన అన్నం, సీసాల్లో మజ్జిగ. సరుగుడు చెట్ల కింద చుట్టూ కూర్చోబెట్టుకుని తనే ముద్దలు చేసి అందరి చేతుల్లో పెట్టేదట. ఆ గోంగూర అన్నం అక్క వంటింట్లో ఎన్నోసార్లు తిన్నాను, చెప్పుకోవడానికేం లేదు, ఉప్పు ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే. వాళ్ళు మాత్రం సముద్రం దగ్గర దాని రుచే వేరు అని వారం రోజులు చెప్పుకునేవారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారే, ఇది ఒకే ఇంటి పుల్లకూరండీ.

అప్పట్లో నేను ఆ ప్రయాణాల్లో దేనికీ వెళ్ళలేదు. మా అత్తగారు పక్షవాతంతో మంచాన పడి ఉంది. ఎవరో ఒకరం ఇంట్లో ఉండి తీరాలి. ఆ ఒకరు నేను. పైగా నాకు ఇంకో ఉద్యోగం కూడా ఉంది. ఎదురు రావడం.

ప్రయాణానికి గడప దాటేటప్పుడు నిండు బిందెతో మనిషి ఎదురొస్తే పని శుభంగా జరుగుతుందని మనందరికీ తెలిసిందే. నేను కొత్తకోడలిగా ఉన్నప్పుడు వీధి కుళాయి నుంచి మంచినీళ్ళు తెస్తూ ఒకసారి అనుకోకుండా వాళ్ళకు ఎదురుపడ్డాను. ఆ రోజు ప్యాసింజరులో అందరికీ కూర్చోవడానికి చోటు దొరికిందట. అంతే, అక్క తీర్పు చెప్పేసింది. అమ్మాయి ఎదురు మంచిది, ఇకనుంచి మన ప్రయాణాలకి తనే ఎదురు రావాలి. అప్పట్నుంచి వాళ్ళు సంచులు సర్దుకునే వేళకు నేను బిందె నింపుకుని, దొడ్డిదారిన సందులోకి వెళ్ళి, వీధి చివర తిరిగి, వాళ్ళు గేటు దాటగానే ఎదురు నడిచి వచ్చేదాన్ని. వాళ్ళు నవ్వుతూ స్టేషనుకు పోయేవారు. నేను బిందె దించి అత్తగారికి పళ్ళు తోమించేదాన్ని. కాలం మారి బిందె పోయి స్టీలు బకెట్టు వచ్చింది, ఆ తరవాత నీళ్ళ క్యాను వచ్చింది. ఒకసారి నీళ్ళే రాకపోతే పాల ప్యాకెట్టుతో వెళ్ళాను. నిండు ప్యాకెట్టేగా, శకునానికి చాల్లే, అంది అక్క.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు అని సామెత. మా అత్తగారు కొట్టే స్థితిలో లేదు పాపం. తోడికోడలు మాత్రం నవ్వుతూ రైలెక్కేది. నన్ను ఇంటి దగ్గర కట్టిపడెయ్యడానికి ఆవిడ ఈ ఎదురు కథ అల్లిందని నా గట్టి నమ్మకం. ఉత్తినే ఉండమంటే ఏడుస్తుంది, ఒక బిరుదు తగిలిస్తే నోరు మూసుకుని ఉంటుంది అని.

నిజం చెప్పాలి కదా, మిగతా రోజుల్లో అత్తగారి చాకిరీ అంతా అక్కదే. స్నానం, బట్టలు మార్చడం, ఒళ్ళు నొప్పులని రాత్రిళ్ళు మూలుగుతుంటే కాళ్ళు పట్టడం, అన్నీ. నేను కాళ్ళు పడితే అత్తగారికి నచ్చేది కాదు, పెద్దదాన్ని పిలువు అనేది. మంచాన ఉన్న మనిషి దగ్గర కూడా నాది రెండో స్థానమే.

ఒకసారి నా మొహం చూసి అక్కకు ఏమనిపించిందో, ఈసారి నువ్వెళ్ళు, నేనుంటాను అంది. సూర్యలంకకే. నేను ముందురోజే చీర ఇస్త్రీ చేయించుకున్నాను. జడలో పెట్టుకోవడానికి మల్లెపూలు తడిగుడ్డలో చుట్టి ఉంచుకున్నాను. తెల్లవారేసరికి ఒకావిడకు తలనొప్పి. ఇంకొకావిడకు చుట్టాలు. మూడో ఆవిడ గేటు దగ్గరికి వచ్చి, అక్క రాకపోతే ఏం బాగుంటుందమ్మా, అందరం కలిసి ఇంకోసారి వెళ్దాంలే అని నాకే సర్దిచెప్పింది. మనసులో మాట బయటపెట్టింది ఆవిడొక్కతే. చీర విప్పి మడత పెట్టేశాను. మల్లెపూలు అత్తగారి తలలో పెట్టాను. అక్క ఆ రోజంతా నా వాటా వైపు రాలేదు. వస్తే నేను ఏం అనేదాన్నో ఆవిడకు తెలుసు.

అన్నిటికన్నా నా కడుపు మండింది మా అమ్మాయి విషయంలో. అది మొదటిసారి సముద్రం చూసింది పెద్దమ్మ చెయ్యి పట్టుకుని. సాయంత్రం పరికిణీ కుచ్చెళ్ళనిండా ఇసుకతో వచ్చి, అది ఎంత ఉందో చేతులు చాపి చూపించబోయి, చాలక, "అమ్మా, నీకు తెలీదులే" అనేసింది. నాకు తెలీకపోవడమేంటి? పెళ్ళయిన కొత్తలో కార్తీకమాసంలో మావారితో వెళ్ళాను. ఆయన చెప్పులు ఎవరో ఎత్తుకుపోతారని ఒడ్డునే వాటికి కాపలా నిలబడ్డారు. నేను ఒక్కదాన్నే మోకాలి లోతు దిగి, భయమేసి వెనక్కి వచ్చేశాను. అదే నా సముద్రం. ఆ పిల్ల ఎగిరి గంతేస్తూ చెప్పే సముద్రం వేరే ఎక్కడో ఉన్నట్టుండేది.

అత్తగారు పోయారు. ఇక నేనూ వెళ్ళొచ్చు అనుకునేలోపు ఏడాది తిరక్కుండానే మావారు కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. అక్క ప్రయాణాలు ఆగిపోయాయి. నేను ఎవరూ చెప్పకుండానే ఒక పద్ధతి నేర్చుకున్నాను. వీధిలో ఎవరి గేటు చప్పుడైనా, ఆటో వచ్చి ఆగినా, లోపలికి వెళ్ళి తలుపు వేసుకునేదాన్ని. పెళ్ళిచూపులకు వెళ్ళేవాళ్ళుంటారు, పరీక్షలకు వెళ్ళే పిల్లలుంటారు. నా మొహం ఎదురై వాళ్ళ పని చెడితే ఆ మాట పడలేను. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. తలుపు వేసుకుంటుంటే వద్దనీ అనలేదు.

ఏడాది దాటాక అక్క పంపు దగ్గర మళ్ళీ ప్రకటించింది, సూర్యలంక. ఆ పొద్దున గేటు చప్పుడు వినపడగానే నేను వంటింట్లోకి పోయి తలుపు దగ్గరగా వేశాను. బయట ఆడవాళ్ళ మాటలు వినపడుతున్నాయి. ఆటో వచ్చింది. ఎంతసేపటికీ కదలదు. రైలు టైమవుతోందని ఎవరో గోల పెడుతున్నారు. అప్పుడు అక్క గొంతు వినపడింది.

"అమ్మాయ్, ఎదురు రా."

ఎదురింటి పిన్నిగారు, వయసులో వీధికంతటికీ పెద్దావిడ, మెల్లిగా అంది. "పోనీలేవే, దాన్ని ఎందుకు ఇబ్బంది పెడతావు? నేనొస్తాగా ఎదురు."

"మా ఇంటి ప్రయాణాలకి ఎదురు మా చెల్లిది పిన్నిగారూ. దాని బొట్టు చూసి పెట్టిన పని కాదిది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇదేం బలవంతం, నలుగురిలో నన్ను నిలబెట్టి మంచిదని పేరు కొట్టేస్తోంది అనుకున్నాను. అయినా బకెట్టు నింపాను. దొడ్డిదారిన సందులోకి వెళ్ళి, వీధి చివర తిరిగి నడిచి వచ్చాను. తల ఎత్తి ఎవరినీ చూడలేదు. అక్క చెప్పులు దగ్గరికి వచ్చినప్పుడు ఆగాను. బకెట్టు నా చేతిలోంచి తీసుకుని గేటు లోపల పెట్టి, చెయ్యి పట్టుకుని ఆటో వైపు తిప్పింది. ఎదురొచ్చావుగా, ఇంక మాతో నడు, అంది. నేను వంటింటి చీరతోనే ఉన్నాను.

మేం స్టేషనుకు చేరేసరికి రైలు వెళ్ళిపోయింది. ప్లాట్‌ఫారం మీద అందరూ నిలబడ్డారు, ఎవరూ నా వైపు చూడకుండా జాగ్రత్తగా నిలబడ్డారు. అక్క మాత్రం గట్టిగానే అంది, రైలు పోయింది నేను గేటు దగ్గర మొండికేసినందుకు, ఎవరన్నా ఏమన్నా అనుకుంటే నన్ను అనుకోండి అని. బస్సులో పొన్నూరు మీదుగా వెళ్ళాం. నిలబడే వెళ్ళాం.

అంత చేసిన మనిషి మీద కృతజ్ఞత రావాలి కదా. సూర్యలంకలో దిగగానే నాకు మళ్ళీ అసూయే వచ్చింది. టీ కొట్టతను అమ్మగారూ అని లేచి నిలబడ్డాడు. జీడిపప్పు అమ్మే ఆవిడ ఇంతకాలం ఎటు పోయావంది. ఆ సరుగుడు తోటలో ఏ చెట్టు కింద ఏ వేళకు నీడ ఉంటుందో ఆవిడకు తెలుసు. ఇన్నేళ్ళూ ఇదంతా ఈవిడ ఒక్కతే అనుభవించింది అనుకున్నాను. మిగతావాళ్ళు నీళ్ళలో దిగారు. మేమిద్దరం ఇసుకలో కూర్చున్నాం. గుడికెళ్తే దేవుడికి ఏదో ఒకటి చెప్పుకోవాలి, ఇక్కడైతే ఏమీ చెప్పుకోనక్కర్లేదు అనేది ఆవిడ ఎప్పుడూ. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. నన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికేగా ఆ ఎదురు కథ అల్లావు అని అడిగేశాను.

కాదంటుందనుకున్నాను. కాదంటే నాలుగు దులపడానికి సిద్ధంగా ఉన్నాను.

"మొదట్లో అంతేనే," అంది. "ఇంట్లో పడుండవే అంటే నీకు మనసు కష్టం. అందుకని దానికో పేరు పెట్టా. తరవాత్తరవాత నిజంగానే నువ్వు కనపడకపోతే నాకు అడుగు పడలా."

అంత తేలిగ్గా ఒప్పేసుకుంటే ఇంక దెబ్బలాడడానికి ఏముంటుంది? అది కూడా నాకు దక్కనివ్వలేదు. ఆవిడ లేచి, చీర దులుపుకుని, ముద్దలు కలపడానికి పోయింది. మొదటి ముద్ద నాకే పెట్టిందని రాయాలని ఉంది గాని, ఎప్పట్లాగే పిన్నిగారికి పెట్టింది. ఉప్పు ఎక్కువే. అయినా సముద్రం దగ్గర దాని రుచే వేరు, వాళ్ళు చెప్పింది నిజమే.

ఆ తరవాత ఆవిడ ఉన్నన్నాళ్ళూ అన్ని ప్రయాణాలకూ నేనే ఎదురు, నేనూ ప్రయాణమే. బకెట్టు గేటు లోపల పెట్టడం, చెప్పులు వేసుకుని వాళ్ళతో కలవడం. వీధిలో కొత్తగా వచ్చినవాళ్ళు వింతగా చూసేవారు. అమృతలూరులో మా పుట్టింటివాళ్ళకు తెలిసి ముక్కున వేలేసుకున్నారు. నేను లెక్క చెయ్యలేదు. నా ఎదురు మంచిదని నేను నమ్మడం మొదలుపెట్టాను.

పెద్దకర్మ అయిపోయి కొన్నాళ్ళకు ఆడవాళ్ళందరూ కలిసి మా వాటాకు వచ్చారు. అక్క పేరు చెప్పుకుని ఒకసారి రేపల్లె వెళ్ళొద్దాం, పెనుమూడి రేవు ఆవిడకు ఇష్టం కదా, ఈసారి నువ్వు తీసుకెళ్ళు అన్నారు. నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను. ఒకప్పుడు తలనొప్పి వచ్చిన ఆవిడ కూడా అందులో ఉంది. పులిహోర నేనే చేస్తానన్నాను. గోంగూర అన్నంలో ఉప్పు సరిగ్గా వేస్తానని కూడా అన్నాను, ఎవరూ నవ్వలేదు.

అప్పుడు పిన్నిగారు అడిగింది. నువ్వు మమ్మల్ని వెంటేసుకుని గేటు దాటాలిగా, మరి ఎదురెవరు? నాకు మోకాళ్ళు, ఈ ఎండల్లో నేనెటూ రాలేను, నేనొస్తాలే ఎదురు, అంది. ఆవిడ ఒకసారి వచ్చిందంటే ఇక ఆ పని ఆవిడదే. నేను అన్నేళ్ళు మోసిన బిందె అది. చూద్దాంలే పిన్నీ అని మాట దాటేశాను.

మా వీధి మూల మేడ మీద ఒక టీచరమ్మ అద్దెకుంటోంది. వయసు మా అమ్మాయి కన్నా తక్కువే. పోయిన వేసవిలో భర్త బండి మీద వస్తూ లారీ కింద పడి పోయాడు. అప్పట్నుంచి వీధిలో ఎవరు సంచీ పట్టుకుని బయల్దేరినా ఆ మేడ మీద కిటికీ రెక్క మూసుకుంటుంది. నేను ఎన్నోసార్లు చూశాను, చూసి నా దారిన నేను పోయాను. ఆ సాయంత్రం మెట్లెక్కి వెళ్ళాను. గొప్ప మనసుతో వెళ్ళానని అనుకోకండి. ఈ పిల్లకు బడి ఉంది, ఉద్యోగం ఉంది, నా పదవిని శాశ్వతంగా ఆక్రమించుకోదులే అని లెక్కేసుకునే వెళ్ళాను. ఆదివారం పొద్దున మాకు ఎదురు రావాలి తల్లీ అన్నాను. ఆ పిల్లకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని, "వద్దండి, మీకు మాటొస్తుందండి" అంది.

"రావాల్సిన మాటలన్నీ మా అక్కకి ఎప్పుడో వచ్చేసినయ్యి. నువ్వు నీళ్ళు నింపుకుని రా."

ఆదివారం మేం సంచులు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాం. పిన్నిగారు తన అరుగు మీద కూర్చుని చూస్తోంది. అందరికన్నా ముందు నేను. అప్పటిదాకా ఆ చోట నేను ఎప్పుడూ నిలబడలేదు. నేను ఎప్పుడూ అటువైపు నుంచి తల వంచుకుని నడిచి వచ్చేదాన్నే గాని, ఇటువైపు నుంచి ఎలా ఉంటుందో నాకు తెలియదు.

వీధి చివర టీచరమ్మ తిరిగింది. ఎక్కడ సంపాదించిందో, ఇత్తడి బిందె. నడుం మీద పెట్టుకోవడం అలవాటు లేక రెండు చేతులతో పొట్టకు హత్తుకుని వస్తోంది. పొద్దుటి ఎండ ఆ పిల్ల వెనకనుంచి పడుతోంది. మా కోసమే ఒక మనిషి వీధి పొడుగునా నడిచి వస్తుంటే, ఆ రోజు ఏ ఊరు వెళ్తున్నామో కూడా నాకు గుర్తు లేదు. ప్రతి ప్రయాణానికీ ముందు, సముద్రం కన్నా ముందు, కృష్ణ కన్నా ముందు, అక్క ఇది చూసిందన్నమాట. ఇన్నేళ్ళూ నన్ను చూసిందన్నమాట. అంతకాలం చూసి నాతో ఒక్కసారైనా చెప్పలేదే అని ఆవిడ మీద నాకు పట్టరాని అసూయ వేసింది.

టీచరమ్మ దగ్గరికొచ్చి, మేం మొహాలు తిప్పుకుంటామేమోనని కళ్ళెత్తి చూసింది. తిప్పుకోలేదు. బిందె తొణికి చీర ముందంతా తడిసిపోయింది, ఆమె వెనకాల రోడ్డు మీద తడి గీత పడుతోంది.